మూడో రింకులో క్లెమ్

సెప్టెంబర్ 2, శనివారం

ఇవాళ బౌలింగ్ క్లబ్బులో క్లెమ్ సంతాప సభ. దహనం గురువారమే పెద్ద ఊళ్లో అయిపోయింది. సభ అంటే అరగంట సంతాపం, మిగిలిందంతా బీరు. క్లెమ్ బతికుంటే ఆ అరగంట కూడా దండగనేవాడు, గ్రీన్‌కి నీళ్లు పెట్టే వేళ దాటిపోతోందని.

నాకు తెలిసినప్పటి నుంచి మా గ్రీన్, అంటే మేం బంతులు దొర్లించి ఆడే గడ్డి మైదానం, అతనిదే. జీతం లేదు, భత్యం లేదు. తెల్లారకుండానే వచ్చి గడ్డిని తివాచీలా కోసేవాడు, రోలరు దొర్లించేవాడు, నీళ్లు పట్టేవాడు. ఎత్తు మడమల చెప్పులతో ఎవరైనా గడ్డి మీద కాలు పెడితే గొట్టం వాళ్ల వైపు తిప్పేసేవాడు. నన్ను రెండుసార్లు తడిపాడు. రెండుసార్లూ కావాలనే వేసుకెళ్లాను, అప్పటికింకా నాతోనే ఉన్న మా ఆవిడ చెప్పులు.

అతని భార్య మావిస్ బూడిద డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. ఈయన్నేం చెయ్యాలో తోచడం లేదు నెవ్వూ అంది నాతో. ఎప్పుడన్నా ఇంటిపట్టున ఉన్న మనిషా, ఇంట్లో పెట్టుకుంటే ఎవరో చుట్టం దిగినట్టుంది అంది.

నాకు నోరు ఊరుకోదు. కుర్చీ ఎక్కి గ్లాసు మీద చెంచాతో కొట్టాను. క్లెమ్‌ని గ్రీన్‌లోనే కలపాలని ప్రతిపాదిస్తున్నాను అన్నాను. సగం వెటకారం. మిగతా సగం ఏమిటో నాకే తెలీదు. ఎవరో బలపరిచారు. చేతులు లేచాయి, చేతుల్లో గ్లాసులూ లేచాయి. ప్రెసిడెంట్ లయనెల్ రిటైరైన బ్యాంకు మేనేజరు, చెక్క సుత్తి పక్కన లేకపోతే నిద్రపట్టని రకం. బల్ల మీద ఠపీమని కొట్టి, ఏకగ్రీవం అన్నాడు.

ఏకగ్రీవం కాదు. డాట్ చెయ్యెత్తలేదు. మావిస్‌తో జంటగా ఆడేది డాట్. ఇద్దరూ కలిసి గెలిచిన కప్పులు బార్ వెనకాల అద్దాల బీరువా నిండా ఉన్నాయి. తను తెచ్చిన కేకు పళ్లెం తనే తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. తల్నొప్పేమో అనుకున్నాను.

మావిస్ నన్ను కావిలించుకుని ఏడ్చింది. నా ప్రతిపాదన ఒకటి నెగ్గడం ఇన్నాళ్లకి ఇది రెండోసారి. మొదటిది పెళ్లి. దాన్ని మా ఆవిడే రద్దు చేసుకుంది.


సెప్టెంబర్ 10, ఆదివారం

క్లెమ్‌ని కలిపేశాం.

ఏటా ఈ రోజుల్లో గ్రీన్‌కి పైపూత పెడతాం. సన్న ఇసక చల్లి, చాప ఈడ్చి, సమం చేస్తాం. ఆ ఇసకలో బూడిద కలిపి మొత్తం గ్రీన్ అంతా పల్చగా చల్లేద్దాం అన్నాను. మావిస్ వద్దంది. అంతా చల్లేస్తే ఆయనెక్కడున్నాడో నాకెలా తెలుస్తుంది, ఎటు తిరిగి మాట్లాడను అంది. ఒక్కచోట పెట్టు నెవ్వూ, బెంచీకి ఎదురుగా, మూడో రింకులో. గ్రీన్‌ని ఆటకి పట్టీలుగా విడగొడతాం, ఒక్కో పట్టీ ఒక్కో రింకు. క్లెమ్ గొంతుక్కూర్చుని గడ్డి ఎత్తు చూసుకునే చోటు అది.

సరే అన్నాను. డబ్బా బోర్లించాను. మనిషి మొత్తం ఓ వంటగది బల్లంత చోటులో పట్టేశాడు. ఇసకతో కప్పి చాప ఈడ్చాను. లయనెల్ ప్రార్థన చదువుతుంటే మ్యాగ్‌పై పిట్ట ఒకటి వచ్చి అతని బట్టతల మీద తన్ని పోయింది. నాకేం సంబంధం లేదు. ఎవరూ నమ్మలేదు.


సెప్టెంబర్ 21, గురువారం

రోజూ పొద్దున్నే మావిస్ బెంచీ మీద ఉంటోంది, ఫ్లాస్కులో టీతో. నా టైర్ల షాపు తెరవడానికి వెళ్తూ చూస్తాను. ఇవాళ కంచె దగ్గర ఆగి విన్నాను. ఇంటి కప్పు గట్టర్ కారుతోందని నెత్తీ నోరూ కొట్టుకున్నాను విన్నావా, ఇప్పుడు నిచ్చెన ఎవరెక్కుతారు, నీ తాతా అని తిడుతోంది. ముఖం మాత్రం కళకళలాడిపోతోంది. సంతాప సభ రోజున ఈవిడ కూడా పోతుందేమో అనుకున్నాను నేను.

మధ్యాహ్నం వెళ్లి గట్టర్ బాగుచేసి వచ్చాను. చెప్పలేదు. రేపు ఆ ఘనత కూడా క్లెమ్‌దే అవుతుంది.


అక్టోబర్ 1, ఆదివారం

మూడో రింకులో గడ్డి రంగు మారింది.


అక్టోబర్ 5, గురువారం

ముందు నెపం గలా పిట్టల మీద తోశాను. అవి గడ్డి వేళ్లు తవ్వుకుని తింటాయి, కోపం వస్తే తిట్టడానికి బావుంటాయి. కానీ పిట్టలు తవ్వితే గుంటలుంటాయి. ఇది గుంట కాదు. వంటగది బల్లంత మచ్చ, ఎండుగడ్డి రంగులో, అంచులు గీసినట్టు.

ఇంటర్నెట్‌లో చూశాను. ఎముకల బూడిదలో ఉప్పు ఎక్కువట, సున్నం గుణమట. చిటికెడు చల్లితే గడ్డి ఓర్చుకుంటుంది. మనిషిని మనిషిగా ఒక్కచోట పోస్తే చస్తుంది.

నీళ్లు పట్టాను. జిప్సమ్ చల్లాను. మళ్లీ నీళ్లు. క్లెమ్ గొట్టం అది. దాంతోనే అతని మీద పట్టాను, ఒరేయ్ ముసలాడా, కిందికి దిగు అంటూ.

దిగలేదు.


అక్టోబర్ 14, శనివారం

ఇవాళ లీగ్ మ్యాచి. పొరుగు ఊరు కుండరూ క్లబ్బు వాళ్లు వచ్చారు. అందరూ తెల్ల ప్యాంట్లు, తెల్ల చొక్కాలు, పాల ప్యాకెట్ల బండి దిగినట్టు.

నేను పొద్దున్నే వెళ్లి మచ్చకి రంగు కొట్టాను. ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్లు మైదానంలో పాత గీతలు చెరిపేసే ఆకుపచ్చ రంగు మిగిలుంటే అడుక్కొచ్చాను. పది అడుగుల నుంచి చూస్తే తేడా తెలీలేదు. మావిస్ కూడా, అమ్మయ్య, కోలుకున్నాడు అంది. నన్ను నేను మెచ్చుకున్నాను.

ఆరిపోతుందనుకున్నాను. మంచు పడి ఉంది, ఆరలేదు. మొదట దొర్లించిన బంతి, దాన్నే బౌల్ అంటాం, మచ్చ మీదుగా వెళ్లి గురికి పెట్టిన చిన్న తెల్ల బంతి జాక్ దగ్గరికి ఆకుపచ్చగా చేరింది. కుండరూ కెప్టెన్ దాన్ని తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. తర్వాత ముఖం తుడుచుకున్నాడు. తర్వాత వాళ్ల జట్టులో ఒకామె గురి చూడ్డానికి సరిగ్గా అక్కడే మోకాలు ఆన్చింది.

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. నవ్వితే అందరూ నావైపే తిరిగారు. ఈ ఊళ్లో ఏది జరిగినా ముందు నావైపే తిరుగుతారు, ఎక్కువసార్లు న్యాయంగానే.

కుండరూ కెప్టెన్ అక్కడ గీకి చూశాడు. తెల్ల పలుకులు తేలాయి. ఇదేంటి అన్నాడు.  మావిస్ చెప్పింది. మా ఆయన అంది.

కెప్టెన్ చెయ్యి దులుపుకోబోయి ఆగిపోయాడు. దులపాలో వద్దో తెలీక అరచెయ్యి అలాగే పైకి పట్టుకుని నిలబడ్డాడు పాపం. మ్యాచి అక్కడితో ఆగింది.


అక్టోబర్ 15, ఆదివారం

లయనెల్ ఇంటికొచ్చాడు. నా దగ్గరికి వస్తే ముందు కుర్చీ కింద చూసుకుంటాడు. ఒకసారి అతని బౌల్స్ సంచిలో రబ్బరు పాము పెట్టానని.

కుండరూ వాళ్లు జిల్లా సంఘానికి ఫోన్ చేశారట. సంఘం వాళ్లు లయనెల్‌ని అడిగారట, మీ బైలాలో ఇలాంటివి రాసుకుంటారా అని. లయనెల్ అప్పుడు తీసి చూశాడు. చనిపోయినవారి బూడిద గాని, ఫలకం గాని, గుర్తు గాని గ్రీన్ మీద ఉంచరాదు అని ఉంది. బైలాకి విరుద్ధంగా సభ ఏ తీర్మానం చేసినా చెల్లదు అని కూడా ఉంది.

సుత్తి కొట్టేముందు చూసుకోవాలిగా ప్రెసిడెంటు గారూ అన్నాను. కుర్చీ ఎక్కేముందు నువ్వు చూసుకోవాలిగా వెధవా అన్నాడు. ఇద్దరిదీ నిజమే.

చెల్లని తీర్మానం అంటే జరగనట్టే లెక్క అన్నాడు. జరగనిదైతే మరి మూడో రింకులో ఉన్నదెవరు అన్నాను.

అతను టీ తాగకుండానే వెళ్లిపోయాడు.


అక్టోబర్ 17, మంగళవారం

సంఘం వాళ్లు ఫోన్ చెయ్యకపోయినా డాట్ లేవదీసేదట. నిన్న లయనెల్‌కి కాగితం ఇచ్చింది, బైలా అమలు చెయ్యాలని. మావిస్ ప్రాణ స్నేహితురాలు. నాకు ఒళ్లు మండింది. నాలుగు దులుపుదామని వాళ్లింటికి వెళ్లాను.

కూర్చోమంది. టీ ఇచ్చింది. ఆ రోజు వెనక్కి తీసుకుపోయిన కేకు లాంటిదే కోసి పెట్టింది. ముందు తిను, తర్వాత అరుద్దువుగాని అంది.

తిన్నాను. సిగ్గులేకుండా రెండు.

అప్పుడు చెయ్యి చాపి ఫ్రిజ్ పైకి చూపించింది. బ్రెడ్ డబ్బా పక్కన ఇంకో డబ్బా. మా వాల్ అంది. వాల్ ఆమె భర్త. నేను క్లబ్బులో చేరకముందు కెప్టెన్. ఆయన పోయినప్పుడు డాట్ ఇదే అడిగిందట, గ్రీన్‌లో కలపమని. క్లెమ్ లేచి నిలబడి, గడ్డి బతికున్నవాళ్లకి, చచ్చినవాళ్లకి ఊరి చివర స్థలం ఉంది అన్నాడట. అని ఊరుకోలేదు. మళ్లీ ఎవరూ అడక్కుండా ఆ బైలా ప్రతిపాదించింది క్లెమ్. అందరి చేతులూ లేచాయట.

ఊరి చివర ఎందుకు పెట్టలేదు అని అడిగాను.

ఆయనక్కడ ఎవర్నీ ఎరగడు అంది.

నాలుగు దులుపుదామని వెళ్లినవాణ్ణి, గిన్నెలు కడిగి వచ్చాను.


అక్టోబర్ 22, ఆదివారం

కమిటీ. రెండు దారులున్నాయన్నాడు లయనెల్. తీర్మానాన్ని రద్దు చేసి గ్రీన్‌ని పూర్వంలా చెయ్యడం. లేదా బైలానే మార్చడం, దానికి మూడు వారాల ముందు నోటీసు, సభలో నాలుగింట మూడొంతుల చేతులు.

మారుద్దాం అన్నాను. నోటీసు నేనే రాశాను. అక్షరాలు లయనెల్ దిద్దాడు, ప్రతి లైనులో. తొమ్మిదో క్లాసులో బడి మానేసినవాడి నోటీసు అలాగే ఉంటుంది.

నిజానికి ఆ మొదటి దారి అంటే భయం నాకు. పూర్వంలా అంటే తియ్యడం. ఇసక, మట్టి, నీళ్లు, జిప్సమ్, పచ్చ రంగు, క్లెమ్. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా తియ్యాలి? ఎవడు చెప్తాడు?


నవంబర్ 1, బుధవారం

మావిస్ ఇంకా బెంచీ మీదే. మచ్చ చుట్టూ లయనెల్ తాడు కట్టించాడు. ఆవిడ తాడుకి ఇవతల కూర్చుని మాట్లాడుతోంది, ఆస్పత్రిలో చూసే వేళలకి వచ్చినట్టు.


నవంబర్ 7, మంగళవారం

కప్ డే, దేశమంతా పనులాపి గుర్రప్పందెం చూసే రోజు. ఊరంతా క్లబ్బులో టీవీ ముందు, గుర్రాల మీద చీట్లు, నెత్తిన టోపీలు. ఇంతకంటే మంచి రోజు దొరకదని సాసేజీలు కాల్చి, పళ్లెం పట్టుకుని బల్లబల్లకీ తిరిగాను. ఆదివారం చెయ్యెత్తుతావా, ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యనా అని.

అందరూ ఎత్తుతామన్నారు. క్లెమ్ కోసం ఎత్తం ఏంటి మేట్ అన్నారు. మావిస్ ముఖం చూసి ఎత్తుతామన్నారు. డాట్ పళ్లెంలోంచి ఒక సాసేజీ తీసుకుని, ఆలోచిస్తాను, ఉల్లిపాయలు వద్దు అంది.

గెలుస్తాం. ఇంత నమ్మకంగా నేను గుర్రం మీద కూడా పెట్టలేదు.

నా గుర్రం కడగొట్టున వచ్చింది.


నవంబర్ 12, ఆదివారం

సభ అయింది. రాయబుద్ధి కావడం లేదు, రాస్తాను.

హాలు నిండింది. నేను లేచి చెప్పాను. వెటకారం లేకుండా మాట్లాడాలని నిన్నంతా అద్దం ముందు అభ్యాసం చేశాను. బైలా మనం రాసుకున్నదే, మనమే మార్చుకోవచ్చు, ఈ గడ్డి ఆ మనిషి చేతుల్లో పెరిగింది అన్నాను. లయనెల్ చేతులెత్తమన్నాడు. లేచాయి. బార్ దగ్గర్నుంచి తలుపుదాకా లేచాయి. అతను లెక్కపెట్టడం మొదలెట్టాడు.

డాట్ ఒక్క ప్రశ్న అంది. లయనెల్ ఆగాడు.

ఈ బైలా పోతే రేపు పొద్దున్న నేను వాల్‌ని తీసుకురావచ్చా అంది. గొంతులో కోపం లేదు. రైలు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది.

ఎవరో, తప్పకుండా తీసుకురా డాట్ అన్నారు. వెనక నుంచి ఒకాయన, అయితే మా అమ్మ కూడా ఉంది మరి అన్నాడు. గ్యారేజీలో. ఇంకొకామె, మా ఆయనా అంది, ఆయన ఆడేది నాలుగో రింకు. మా కుక్క సంగతేంటి అన్నాడొకడు. నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. ఈ ఊళ్లో ఎంతమంది ఫ్రిజ్‌ల మీద, గ్యారేజీల్లో, బట్టల బీరువాల్లో తమవాళ్లని పెట్టుకుని కూర్చున్నారో నాకు ఇవాళే తెలిసింది.

అందరూ కిటికీలోంచి చూశారు. తాడు, తాడు మధ్య మచ్చ. వంటగది బల్లంత. ఒక్కొక్కరికీ ఒక్కొక్క బల్ల.

చేతులు దిగడం మొదలైంది. ఎవరూ దించమనలేదు. చెయ్యి నొప్పెట్టినట్టు, తల గోక్కున్నట్టు, గ్లాసు అందుకున్నట్టు దించారు. నేను ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచాను. సాసేజీలు తిన్నార్రా మీరు అన్నాను. నేలచూపులు చూశారు. నన్ను తిట్టినా బావుండేది.

అప్పుడు చూశాను, మావిస్ చెయ్యి మొదట్నుంచీ ఒళ్లోనే ఉంది.

లేచి నిలబడింది. వాల్ పోయినప్పుడు నేనూ ఇదే హాల్లో ఉన్నాను డాట్, ఆ రోజు ఆ బైలాకి చెయ్యెత్తాను అంది. మా ఆయన వైపు చూసి ఎత్తాను. ఇంటికెళ్లాక, పాపం డాట్ అన్నాను. పాపం కాదు, గడ్డి అన్నాడు. ఆయన రూలు ఆయనకి వర్తించదంటే ఆయనే ఒప్పుకోడు. గొట్టం తిప్పి మనందర్నీ తడిపేస్తాడు అంది. తీసేయండి అంది. కూర్చుంది.

హాల్లో ఒక్క చెయ్యి లేచింది. డాట్‌ది. మార్చడానికి అనుకూలంగా. క్లెమ్‌ని ఉంచడానికి.

నాదీ దానితో కలిపి రెండు. లయనెల్ మా రెండు చేతులూ లెక్కపెట్టాడు. సుత్తి కొట్టలేదు. బల్ల మీద మెల్లగా పెట్టాడు.


నవంబర్ 13, సోమవారం

తవ్వింది నేనే. ఇంకెవరికీ ఇవ్వనన్నాను, ఇంకెవరూ అడగనూ లేదు.

చెప్పులు విప్పి గడ్డి మీదికి వెళ్లాను. మచ్చకన్నా వెడల్పుగా, పచ్చగా ఉన్న అంచుల్తో సహా కోశాను. పెళ్లలు పెళ్లలుగా లేపి గోధుమల గోనె సంచుల్లో వేశాను. మావిస్ బెంచీ మీద. డాట్ వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. ఫ్లాస్కు మూత ఇద్దరి మధ్యా అటూ ఇటూ మారింది.

ఆగనా అని అడిగాను. ఇంకొంచెం అంది మావిస్. తవ్వాను. చాలా అన్నాను. ఇంకొంచెం నెవ్వూ, కాళ్లు అటువైపు ఉంటాయి అంది.

బూడిదకి కాళ్లేంటి అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్లలో నేను మింగిన మాట అదొక్కటే అనుకుంటాను. కాళ్లవైపు కూడా తవ్వాను.

ఇప్పుడు ఈ సంచులెక్కడ పెట్టాలి? శ్మశానం వాళ్లు డబ్బాలో ఉంటేనే తీసుకుంటారట, మట్టి తీసుకోరట. ఇంటికొద్దంది మావిస్, అందులో ఆయనకంటే గ్రీనే ఎక్కువుంది, నాకేం హక్కు అంది. డాట్, మా ఫ్రిజ్ మీద పెట్టండి, వాల్ కొంచెం జరుగుతాడు అంది. సంచుల వైపు చూసి, అందరం ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాం.

చెత్త బండిలో వెయ్యమని అనడానికి లయనెల్‌కి నోరు రాలేదు. మెచ్చుకున్నాను.

నా టైర్ల షాపులో, వెనక గోడకి ఆనించి పెట్టాను. తాత్కాలికంగా.


నవంబర్ 18, శనివారం

కొత్త గడ్డి చుట్ట తెచ్చి పరిచారు. చుట్టూ ఉన్నదానికన్నా ఓ పిసరు ముదురు రంగు. లయనెల్ మినిట్స్ రాసుకున్నాడు, తీర్మానం రద్దయినది, గ్రీన్ యథాస్థితికి వచ్చినది అని. చదివి వినిపించాడు. ఏ స్థితికి అన్నాను. ఎవరూ నవ్వలేదు, నేను కూడా.

మ్యాచిలో మావిస్, డాట్ జంటగా ఆడారు. మూడో రింకే పడింది వాళ్లకి. గెలిచారు. ఆ చోటికి వచ్చినప్పుడల్లా మావిస్ పక్కకి జరిగి నడిచింది. డాట్ కూడా.


నవంబర్ 23, గురువారం

బెంచీ ఖాళీ. మూడు రోజులుగా ఖాళీ.


నవంబర్ 28, మంగళవారం

మావిస్ కారు తెచ్చింది. ముందు టైరు దిగిపోయిందంది. చూశాను. నిక్షేపంలా ఉంది. గాలి తీసి, మళ్లీ కొట్టి, ఇప్పుడు బావుంది అన్నాను. ఆలోపు ఆవిడ వెనక్కి వెళ్లి సంచుల దగ్గర నిలబడింది. గోధుమ సంచులకి దుమ్ము పడుతోంది నెవ్వూ అంది. దుమ్ము రేగకుండా రోజూ నీళ్లు చల్లుతానని మాటిచ్చాను.


డిసెంబర్ 1, శుక్రవారం

రెండో ముందు టైరు కూడా దిగిపోయిందట. ఫ్లాస్కు తెచ్చుకుంది. పాత టైర్ల దొంతర మీద గుడ్డ పరిచాను.

గట్టర్ ఎవరు బాగుచేశారో చెప్పు అని సంచుల్ని నిలదీస్తుంటే నేను జాకీ చప్పుడు గట్టిగా చేశాను.


డిసెంబర్ 9, శనివారం

సంచుల నేతలోంచి గడ్డి మొలిచింది. మూతుల్లోంచి కూడా. పచ్చగా, దట్టంగా.

కత్తెర తెచ్చి కత్తిరించాను. ఎంత ఎత్తు ఉంచాలో తెలీలేదు. గొంతుక్కూర్చుని చూశాను.

మావిస్ వచ్చింది. షాపు గడప బయట చెప్పులు విప్పింది.